మురుగు కాలువ వెంట గీత గీయండి: డెల్టాలో ఇళ్లకీ రోడ్లకీ ఉమ్మడి అథారిటీ పెట్టుకోవడం ఎలా

మా మేనల్లుడు కోనసీమలో ఓ చిన్న పంచాయతీకి సర్పంచి. కిందటేడు దసరాకి మా ఇంటికొచ్చి, కాఫీ గ్లాసు ఇంకా కింద పెట్టకుండానే అడిగాడు. "మావయ్యా, మన చుట్టుపక్కల పంచాయతీలన్నీ కలిసి ఓ అథారిటీ పెట్టుకుంటే ఇళ్లకీ రోడ్లకీ మనమే అప్పు తెచ్చుకోవచ్చంట కదా. ఎలా పెట్టాలో ఓ కాగితమ్మీద రాసివ్వు."

నేను మున్సిపాలిటీల్లో ముప్పై ఏళ్లు జమాఖర్చులు రాసి, చివర్లో మూడేళ్లు ఓ పట్టణాభివృద్ధి సంస్థలో డెప్యుటేషన్ మీద చేసి రిటైరైనవాణ్ణి. ఒక కాగితంతో అయ్యే పని కాదురా అన్నాను. రాయడం మొదలెడితే ఇంత అయింది. గోదావరికి ఇటూ అటూ వాడిలాంటి సర్పంచులూ కౌన్సిలర్లూ చాలామందే ఉంటారు కాబట్టి అందరికీ పనికొస్తుందని ఇక్కడ పెడుతున్నాను.

అసలు కొత్తది కావాలా?

ముందు ఈ ప్రశ్న వేసుకోండి. మన రాష్ట్రంలో ఇలాంటి సంస్థలు పెట్టడానికి 2016 నాటి చట్టం ఒకటుంది, మెట్రోపాలిటన్ ప్రాంతాలు, పట్టణాభివృద్ధి సంస్థల చట్టం. ప్రభుత్వం ఒక ప్రాంతాన్ని నోటిఫై చేసి జీవో ఇస్తే సంస్థ ఏర్పడుతుంది. మాస్టర్ ప్లాన్ వేయడం, లేఅవుట్లకి అనుమతివ్వడం, అభివృద్ధి చార్జీలు వసూలు చేయడం, భూసమీకరణ, అప్పు తేవడం, అన్నీ ఆ చట్టంలోనే ఉన్నాయి. కాకినాడ, రాజమహేంద్రవరం, అమలాపురం, ఏలూరు పేర్లతో ఇప్పటికే మన చుట్టూ అలాంటివి ఉన్నాయి. అంటే మీ ఊరు ఇప్పటికే ఏదో ఒకదాని కింద ఉండే అవకాశం ఎక్కువ. లేఅవుట్ ఫీజు కట్టిన రసీదు తీసి చూడండి, ఎవరి ముద్ర ఉందో తెలిసిపోతుంది.

కాబట్టి కొత్త బోర్డు, కొత్త చైర్మన్, కొత్త కారు అడగొద్దు. అడగాల్సింది, ఉన్న అథారిటీలోనే మీ ప్రాంతానికంటూ ఒక విడి నిధి, దానికో విడి ఖాతా, దాని మీద నిర్ణయం తీసుకునే ఓ చిన్న కమిటీ. మీ ప్రాంతం రెండు అథారిటీల మధ్య పడితే ఇద్దరి మధ్యా ఒప్పందం రాయించి, దానికి ప్రభుత్వ ఉత్తర్వు తెచ్చుకోవాలి. ఇంకో దారి, స్థానిక సంస్థలే వాటాదారులుగా కంపెనీ పెట్టడం. కాగితం మీద బాగుంటుంది గానీ, దానికీ ప్రభుత్వ అనుమతి కావాలి, పైగా ఏటా కంపెనీ ఆడిట్, రిటర్నులు. పంచాయతీ సెక్రటరీకి ఉన్న పనే ఎక్కువ, ఇది నెత్తిన పెట్టకండి.

హద్దు ఎక్కడ?

అందరూ తప్పు చేసేది ఇక్కడే. నియోజకవర్గం హద్దో, మండలం హద్దో పట్టుకుని గీత గీస్తారు. డెల్టాలో నీళ్లకి మండలం తెలియదు. ధవళేశ్వరం దగ్గర 1852లో ఆనకట్ట పూర్తయ్యాక పంట కాలువలు వచ్చాయి, వాటి వెంట ఊళ్లు పెరిగాయి. కాలువ నీళ్లు పొలంలోకి వచ్చే దారి మీద పెట్టినంత శ్రద్ధ, పొలంలోంచి బయటికెళ్లే దారి మీద ఎవరూ పెట్టలేదు. ఇవాళ మన ఇళ్ల బాధంతా ఆ రెండో దారిది.

అందుకని హద్దుని మురుగు కాలువ వెంట గీయండి. కోనసీమలో కౌశిక డ్రెయిన్, కూనవరం డ్రెయిన్, తూర్పున తుల్యభాగ, భీమవరం వైపు యనమదుర్రు. మీ ఊరి నీళ్లు ఏ డ్రెయిన్లో కలుస్తాయో, ఆ డ్రెయిన్ మొదలు నుంచి సముద్రంలో కలిసే మొగ దాకా ఉన్న ఊళ్లన్నీ ఒక ప్రాంతం. దారిలో పట్టణం ఉంటే అది కూడా లోపలే ఉండాలి. పంచాయతీల ఆదాయంతో అప్పు పుట్టదు. ఆ సంగతి కింద లెక్కలో చూద్దురు గాని.

మ్యాపు ఇరిగేషన్ శాఖ డ్రెయిన్ల విభాగంలో దొరుకుతుంది. అది చాలదు. అక్టోబరు, నవంబరు వానల్లో, తుఫాను వెళ్లిన రెండో రోజున, గొడుగేసుకుని డ్రెయిన్ గట్టు మీద నడవండి. మావాడు నడిచాడు. మధ్యాహ్నం ఫోన్ చేసి, "మావయ్యా, మా ఊరి నీళ్లు పైనుంచి రావట్లేదు, కిందనుంచి వస్తున్నాయి" అన్నాడు. సముద్రం పోటు మీదున్నప్పుడు మొగ దగ్గర నీళ్లు వెనక్కి తంతున్నాయి, డ్రెయిన్ నిండా గుర్రపుడెక్క. వాడు గీసుకున్న హద్దులో మొగ దగ్గరున్న రెండు ఊళ్లు లేవు. ఆ సాయంత్రమే కలిపాం.

ఇళ్ల స్థలాల లెక్కలోంచి ముందే తీసేయాల్సినవి కొన్ని ఉన్నాయి. ఏటిగట్టుకి లోపల ఉన్న లంక భూములు, తీరప్రాంత నియంత్రణ జోన్‌లోకి (సీఆర్‌జెడ్) వచ్చేవి, ఏలూరు వైపైతే కొల్లేరు అయిదో కాంటూరు (సముద్రమట్టానికి అయిదడుగుల ఎత్తు గీత) లోపలివి. వీటి మీద ఆశ పెట్టుకుని రెండేళ్లు పోగొట్టుకున్నవాళ్లని చూశాను. 1986 ఆగస్టు వరద నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో ఊళ్లో పెద్దవాళ్లకి తెలుసు, కొన్ని ఇళ్ల గోడల మీద గుర్తు కూడా ఉంటుంది. ఆ మట్టాన్ని లెవెల్ మిషన్‌తో కొలిపించి పుస్తకంలో రాసుకోండి.

ఇల్లు కంటే ముందు మట్టి

ఉమ్మడి నిధి దేనికో చెప్పడానికి నేను వాడేది ఒకటే లెక్క. ఎకరం అంటే 43,560 చదరపు అడుగులు. మన దగ్గర మట్టికి యూనిట్ అంటే 100 ఘనపుటడుగులు, అటూ ఇటూగా ఒక ట్రాక్టరు. ఎకరాన్ని ఒక్క అడుగు మెరక చేయాలంటే 436 ట్రాక్టర్లు. పల్లపు చేలో కాలనీ అంటే మూడడుగులైనా లేపాలి. కొత్త మట్టి మొదటి వానకే కూర్చుంటుంది, అందుకని అయిదో వంతు ఎక్కువ తోలాలి.

2020లో పల్లెల్లో ఇచ్చిన స్థలం సెంటున్నర. ఆ సెంటున్నరకే మూడడుగులు, కుంగే మట్టితో కలిపి, సుమారు 24 ట్రాక్టర్లు. ట్రాక్టరు వెయ్యి రూపాయలనుకుంటే 24 వేలు. లబ్ధిదారు ఈ లెక్కే వేసుకుంటాడు, కానీ రోడ్డు కూడా మెరక కావాలి, ఖాళీ స్థలం కూడా కావాలి. అయిదెకరాల కాలనీ తీసుకోండి. రోడ్లకీ ఖాళీకీ రెండెకరాలు పోగా మూడెకరాల్లో 200 ఇళ్లు. మొత్తం మట్టి 7,841 యూనిట్లు, ఖర్చు 78 లక్షల పైన. ఇంటికి 39 వేలు. ఆ కాలనీల్లో ఇంటికి వచ్చిన సాయం 1.80 లక్షలు. అందులోంచి 39 వేలు పునాదికి కింద మట్టికే పోతే గోడలు ఎక్కడిదాకా లేస్తాయో మీరే చెప్పండి.

ఓ కాలనీలో ఒకావిడ ఇంటికి వెళ్లాను. గడప ముందు ఇటుకలు మూడు వరసలు పేర్చి ఉన్నాయి, సిమెంటు లేకుండా. ఎందుకమ్మా అంటే, "వానొస్తే రెండు వరసల దాకా వస్తాయండి నీళ్లు, మూడోది మా అత్తగారి కోసం" అంది. ఆవిడకి మోకాళ్ల నొప్పులు, తడిలో కాలు పెట్టలేదు. ఇల్లు బాగానే కట్టారు. స్లాబు కారట్లేదు. నీళ్లు పోయే దారే లేదు.

ఇంకో సంగతి. కాలనీని మెరక చేసి డ్రెయిన్ బాగు చేయకపోతే ఆ నీళ్లు పక్క చేలోకి దిగుతాయి. ఆ రైతు రాత్రికి రాత్రే రోడ్డుకి గండి కొడతాడు. వాణ్ణి తప్పుపట్టలేం. 2011లో ఇదే కోనసీమలో రైతులు సార్వా వేయకుండా క్రాప్ హాలిడే పాటించారు, ముంపు బాధ కూడా అందులో ఉంది. కాబట్టి పనుల వరస ఇలా రాసుకోండి: మొగ, డ్రెయిన్, కల్వర్టులు, తరవాత మెరక, తరవాత రోడ్డూ నీటి పైపూ, ఆ తరవాతే ఇల్లు. ఇల్లు ఫొటోకి బాగా వస్తుంది కాబట్టి దాన్ని ముందుకు తెమ్మని ఒత్తిడి చేస్తారు. ఒప్పుకోకండి.

భూమి సంగతి క్లుప్తంగా చెప్తాను. 2013 భూసేకరణ చట్టం కింద కొంటే డెల్టా ధరలకి మీ నిధి మొదటి కాలనీకే అయిపోతుంది. భూసమీకరణలో రైతు పొలం ఇచ్చి, రోడ్డున్న చిన్న ప్లాటు తిరిగి తీసుకుంటాడు. పల్లపు వరిచేలకి ఇది కుదురుతుంది. కొబ్బరితోట ఉన్నవాడు ఒప్పుకోడు, వాడి చుట్టూ తిరిగి చెప్పులు అరగదీసుకోకండి. కౌలుదారు గురించి మాత్రం ముందే రాసుకోవాలి. మన దగ్గర దున్నేవాడు ఒకడు, పాసుపుస్తకం ఇంకొకడిది. ప్లాటు పాసుపుస్తకానికే వస్తుంది. దున్నేవాడికి కొత్త కాలనీలో స్థలమో, కొన్నేళ్లు నెలకింతని భృతో పెట్టండి. అమరావతిలో భూమిలేని కుటుంబాలకి నెలకి 2,500 పింఛను పెట్టింది అందుకే.

డబ్బు ఎక్కణ్ణుంచి

10 కోట్ల అప్పు అనుకుందాం. వడ్డీ 9 శాతం, గడువు 15 ఏళ్లు. ఏడాదికి కట్టాల్సింది సుమారు 1.24 కోట్లు. మొత్తం కట్టేది 18.60 కోట్లు. ఈ రెండంకెలూ మొదటి మీటింగులోనే బోర్డు మీద పెద్దక్షరాలతో రాయండి. అప్పిచ్చేవాళ్లు వాయిదాకి ఒకటిన్నర రెట్లు ఆదాయం చూపించమంటారనుకోండి, అంటే 1.86 కోట్లు. పంచాయతీలన్నీ కలిసినా తమ ఇంటిపన్నులోంచి ఇది తీయలేవు. పట్టణం లోపల ఉండాలన్నది ఇందుకే.

ఇంటిపన్ను జోలికి అసలు వెళ్లకండి, అది వీధిలైట్లకీ జీతాలకీ సరిపోతే గొప్ప. ఆర్థిక సంఘం గ్రాంట్లు కూడా అప్పు తీర్చడానికి లెక్కలోకి తీసుకోవద్దు. 15వ ఆర్థిక సంఘం కాలంలో అందులో 60 శాతం నీళ్లకీ పారిశుధ్యానికే ముడిపెట్టారు. అది నిర్వహణకి ఉంచండి. అప్పుకి తాకట్టు పెట్టదగ్గవి మూడు. లేఅవుట్లు, భవనాల మీద వచ్చే అభివృద్ధి చార్జీలు. రిజిస్ట్రేషన్లప్పుడు స్టాంపు డ్యూటీ మీద స్థానిక సంస్థలకి వచ్చే సర్‌చార్జి వాటా. సమీకరించిన భూమిలో అథారిటీకి మిగిలే ప్లాట్ల అమ్మకం. మూడోదాన్ని నమ్ముకుని అప్పు తేవద్దు, రియల్ ఎస్టేటు పడుకున్న ఏడు మీ గతి అధోగతే. మొదటి రెండింటి మీద తెచ్చి, మూడోది వచ్చినప్పుడు అసలు తగ్గించుకోండి.

పౌరుల దగ్గర సెస్సు వేయొచ్చా అంటే, మన డెల్టాలో అది కొత్త కాదు. 1968లోనే కృష్ణా, గోదావరి డెల్టాకి మురుగు పారుదల సెస్సు చట్టం వచ్చింది. అప్పట్లో మా నాన్న శిస్తు కట్టొచ్చి రసీదు చూపిస్తూ, "ఈ డబ్బు ఏ కాలువలో పడుతుందో చెప్పమను కరణాన్ని" అనేవాడు. మీరూ వేసేట్టయితే రసీదు మీద కాలువ పేరు రాయండి. "ఫలానా డ్రెయిన్, ఫలానా కల్వర్టు కోసం." జనం తిట్టుకుంటూనే అయినా కడతారు.

బాండ్లు వద్దు. విశాఖపట్నం నగరపాలక సంస్థ 2018లో 80 కోట్ల బాండ్లు తెచ్చింది, అదే ఏడు హైదరాబాద్ 200 కోట్లు, రాజధాని ప్రాంత సంస్థ 10.32 శాతం వడ్డీకి 2,000 కోట్లు. రేటింగు, మర్చంట్ బ్యాంకరు, సెబీ నిబంధనలు, ఇవన్నీ పెద్ద ఇళ్లవాళ్ల పెళ్లిళ్లు. మనం చూడాల్సింది తమిళనాడు వైపు. 2002-03లో అక్కడ 13 చిన్న పట్టణ సంస్థల్ని ఒక్క గొడుగు కిందకి తెచ్చి 30 కోట్ల పైచిలుకు సమీకరించారు, నీళ్లకీ పారిశుధ్యానికీ. ఏ ఒక్క ఊరికీ విడిగా అంత అప్పు పుట్టేది కాదు. ఒకరు వాయిదా తప్పినా అప్పిచ్చినవాళ్లు బెదిరిపోకుండా పక్కన రిజర్వు నిధి ఉంచారు, రాష్ట్రం నుంచి ఊళ్లకి రావాల్సిన వాటాని ముందే పట్టుకునే ఏర్పాటు పెట్టారు. మీకూ అదే పనికొస్తుంది, బాండ్లుగా కాదు, హడ్కో (ఇళ్లకీ పట్టణాల పనులకీ అప్పిచ్చే కేంద్ర ప్రభుత్వ సంస్థ) లాంటి చోటు నుంచి అప్పుగా. రాష్ట్ర ప్రభుత్వ గ్యారంటీ అడుగుతారు, దానికి ఏడాది పట్టినా ఆశ్చర్యపోకండి.

వాటా ఎగ్గొట్టేవాళ్ల సంగతి కాగితంలో ఉండాలి. కోటిపల్లి-నర్సాపురం రైలు మార్గం 2000-01లో మంజూరైంది, 57 కిలోమీటర్లు, ఖర్చులో రాష్ట్రం వాటా పాతిక శాతం. ఇరవై ఏళ్లు దాటినా రైలు ఎక్కలేదు మనం. ఆగడానికి కారణం ఒక్కటే అనను, మూడు గోదావరి పాయల మీద వంతెనలు కట్టాలి. కానీ వాటా డబ్బు రాలేదన్న మాట వినని ఏడాది లేదు. మీ ఒప్పందంలో "వాటా చెల్లించవలెను" అని ఊరుకోకుండా, చెల్లించకపోతే సర్‌చార్జిలోంచి నేరుగా పట్టుకోవచ్చని రాయించండి.

ఖాతా

ఇది నా సొంత తప్పు కూడా, అందుకని కాస్త వివరంగా. నేను పనిచేసిన ఓ మున్సిపాలిటీలో, పేరెందుకు లెండి, డ్రెయినేజీ పనికి అప్పు వచ్చింది. దానికి విడి ఖాతా తెరవకుండా జనరల్ ఫండ్‌లో జమ చేశాం. రెండు నెలల జీతాలు బకాయి ఉన్నాయి. "ముందు జీతాలిచ్చేద్దాం, పన్నులు రాగానే సర్దేద్దాం" అన్నారు పైన. వోచరు మీద సంతకం నాదే. పన్నులు రాలేదు. కాంట్రాక్టరు మూడు బిల్లులు చూసి సామాన్లు సర్దుకున్నాడు. సగం కట్టిన కల్వర్టులోంచి ఇనుప చువ్వలు పైకి లేచి ఉండేవి, తుప్పుపట్టి ఎర్రగా. పక్కింటావిడ వాటికి తాడు కట్టి బట్టలు ఆరేసేది. నేను ఆఫీసుకి వెళ్లే దారే అది. బదిలీ అయ్యేదాకా రోజూ ఆ చీరల కింద నుంచే వెళ్లాను.

కాబట్టి మొదటి రూపాయి రాకముందే ఎస్క్రో ఖాతా తెరవండి, అంటే ముందే రాసుకున్న వరస ప్రకారమే బ్యాంకు డబ్బు వదిలే ఖాతా. అందులో చార్జీలూ సర్‌చార్జీ నేరుగా పడాలి. బ్యాంకు ముందు వాయిదా తీసుకుంటుంది, తరవాత రిజర్వు నింపుతుంది, మిగిలిందే అథారిటీ చేతికి వస్తుంది. రిజర్వులో కనీసం ఒక ఏడాది వాయిదా ఉండాలి. జీతాలకీ, వాహనాలకీ, సన్మానాలకీ ఈ ఖాతాలోంచి పైసా తీయడానికి వీల్లేదని బ్యాంకుకిచ్చే ఉత్తరంలోనే రాయండి. మీ తీర్మానం రేపు ఇంకో తీర్మానంతో మారుతుంది, బ్యాంకుతో ఒప్పందం అంత తేలిగ్గా మారదు. ఏటా రాష్ట్ర ఆడిట్ శాఖ లెక్క చూస్తుంది. అది చాలదనుకుంటే ప్రతి మూడు నెలలకీ జమాఖర్చు పంచాయతీ గోడకి అంటించండి. చదివేది నలుగురే అయినా ఆ నలుగురూ చాలు.

తీర్మానం

ప్రతి పంచాయతీ, మున్సిపాలిటీ ఒకే వాక్యాలతో తీర్మానం చేయాలి. ఒక్కో ఊళ్లో ఒక్కోలా రాస్తే సెక్రటేరియట్‌లో ఫైలు మొదటి టేబుల్ దగ్గరే పడుకుంటుంది. నేను మావాడికి రాసిచ్చింది ఇది, మీరు వాడుకోండి:

"ఈ పంచాయతీ ఫలానా డ్రెయిన్ పరీవాహక ప్రాంత ఉమ్మడి నిధిలో సభ్యత్వం తీసుకొనుటకును, తనకు రావలసిన సర్‌చార్జిలో ఇంత శాతము 15 సంవత్సరములపాటు సదరు నిధి ఎస్క్రో ఖాతాకు నేరుగా జమ చేయుటకును, సదరు నిధిని జతపరచిన పనుల జాబితాకు తప్ప ఇతర ఖర్చులకు వాడరాదనియు ఏకగ్రీవముగా తీర్మానించడమైనది."

భాష పాతదే, ఆఫీసుల్లో అదే నడుస్తుంది. జతపరిచే జాబితా మాత్రం మరిచిపోవద్దు, జాబితా లేని తీర్మానం ఖాళీ చెక్కుతో సమానం.

కమిటీలో ఎవరుండాలి? డ్రెయిన్ల ఈఈ (ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు), గ్రామీణ నీటి సరఫరా ఈఈ, గృహనిర్మాణ సంస్థ అధికారి, అథారిటీ నుంచి ఒకరు, మున్సిపల్ కమిషనరు, పంచాయతీల నుంచి ముగ్గురు. మొగ దగ్గరి ఊరి నుంచి ఒకరు తప్పనిసరి. 1997 చట్టం కింద వచ్చిన నీటి సంఘాల నుంచి కూడా ఒకరిని పిలవండి, ఏ తూము ఎవరు మూస్తారో వాళ్లకే తెలుసు. డ్రెయిన్ల ఈఈ రాని రోజు మీటింగు వాయిదా వేసేయండి. ఆయన లేకుండా తీసుకున్న నిర్ణయం మళ్లీ ఆయన టేబుల్ మీదికే వెళ్తుంది.

తేదీలు గుర్తుంచుకోండి. మన దగ్గర కాలువలు ఏప్రిల్లో కట్టేసి జూన్‌లో వదులుతారు. గట్టుల పని, కల్వర్టు పని అంతా ఆ క్లోజర్‌లోనే. టెండరు ఫిబ్రవరికల్లా తేలకపోతే ఏడాది పోయినట్టే. వెనక్కి లెక్కేసుకుంటే అంచనాలు నవంబరులో సిద్ధం కావాలి, అంటే వానల్లో గొడుగుతో నడిచిన ఆ వారంలోనే.

మావాడి సంగతికొస్తే, పదహారు పంచాయతీల్లో పదమూడు తీర్మానం చేశాయి. మిగిలిన మూడింట్లో రెండు గ్రామసభ కోసం ఆగాయి. మూడోది మెరక మీదున్న ఊరు. ఆ సర్పంచి మొన్న మా ఇంటికే వచ్చాడు. "ఆయ్, అంతా బాగానే ఉందండీ. మా ఊళ్లో చుక్క నీరు నిలవదు. మేమెందుకండీ కట్టాలి?" అని అడిగాడు. మీ ఊళ్లో నిలవని నీరు ఎక్కడికి పోతుందని నేనడగలేదు, అడిగితే లేచి వెళ్లిపోయేవాడు. మీ ఊరి నుంచి పట్టణానికి వెళ్లే రోడ్డు ఎన్ని చోట్ల డ్రెయిన్ దాటుతుందని అడిగాను. వేళ్లు మడిచి లెక్కపెట్టాడు. నాలుగు చోట్ల. ఒక కల్వర్టు మీద స్కూలు బస్సు ఆపి పిల్లల్ని దింపి నడిపిస్తారట. జాబితాలో దాన్ని ఏడో నంబరు నుంచి రెండో నంబరుకి మార్చి, ఆ కాగితం ఆయన చేతికిచ్చాను. మడిచి జేబులో పెట్టుకుని, గ్రామసభ తేదీ చూసి చెప్తానన్నాడు.